ప్రతివాది యింట దొరకు గ్రంథములు

తత్త్వచింతనకు గ్రంథములతో పనియేమి, ఒక చెట్టునీడయు చలింపని మనస్సును చాలవా యని అడుగువారు మనలో తక్కువమంది కారు. రసాయనశాస్త్రమునకు ప్రయోగశాల కావలెననియు, చరిత్రకు శాసనములు కావలెననియు ఒప్పుకొనువారే తత్త్వశాస్త్రమునొద్దకు వచ్చునప్పటికి, అది కన్నులు మూసికొని కూర్చున్నవానికి లోపలినుండి ఊరివచ్చు వస్తువని భావింతురు. మన పురాణశ్రవణమును, గోడలకు వ్రేలాడు ఋష్యాశ్రమముల చిత్రపటములును ఈ భావమునకు కొంత కారణమై యుండవచ్చును. కాని న్యాయభాష్యమునో, శ్రీహర్షుని ఖండనఖండఖాద్యమునో నాలుగు పుటలు తిప్పినవానికి ఆ భ్రమ నిలువదు. ఒక వాక్యము మొదలిడినదో లేదో, అట్లు కాదని యెవడో అడ్డుపడును. వానికి సమాధానము చెప్పునంతలో మఱియొకడు లేచి, ఆ సమాధానమే తన పక్షమునకు సాధకమనును. రెండువేల యేండ్లకు పైబడి సాగుచున్న ఈ సభలో ఎవరెవరేమి పలికిరో వినకుండ నోరు విప్పువాడు ఎంత బుద్ధిశాలియైనను తనతో తానే మాటలాడుకొనువాడగును. కనుక ఈ శాస్త్రమున గ్రంథములను వెదకుట చదువునకు ముందు తీర్చుకొనవలసిన చిల్లర పని యనుట పొసగదు. వెదకుటయే చదువులో సగము.

ఈ మాటలు సాలూరున కూర్చుండి వ్రాయుచున్నానని తెలిసినచో కొందఱు నవ్వవచ్చును. తూర్పుకనుమల పాదమున, వేగావతి యొడ్డున నున్న ఈ పట్టణము లోకమునకు లారీల యూరుగా తెలియును. విజయనగరమునుండి రాయపూరునకు పోవు రహదారి మా యూరు దాటి పాచిపెంట సీమలో కొండ నెక్క మొదలిడును. ఘాటీ మలుపులను, సుంకి దాటి పొట్టంగివైపు సాగు దారిని కన్నులు మూసికొని చెప్పగల డ్రైవర్లు ఇచ్చట వీథి వీథికిని దొరకుదురు. షెడ్లలో లారీలకు బాడీలు కట్టువారి సుత్తిదెబ్బలు, సంతనాడు కొండ దిగివచ్చు చింతపండును పసుపును అడ్డాకుల కట్టలును, బొబ్బిలినుండి వచ్చి యిచ్చటనే ఆగిపోవు రైలుకట్ట, ఇది మా యూరి స్వరూపము. దీనికి తోడు పాలనాపటమున మా చిరునామా నిలకడగా ఉండలేదు. ఒకప్పుడు విశాఖపట్టణము జిల్లా, 1950 నుండి శ్రీకాకుళము, 1979 నుండి విజయనగరము, 2022 నుండి పార్వతీపురము మన్యము. ఈ సీమనుగూర్చి ఏ పాత గ్రంథములోనైనను వెదకబోవువాడు నాలుగు పేర్లక్రింద వెదకవలెను. ఈ చిన్న సంగతి తెలియక ‘మా ప్రాంతమునుగూర్చి యేమియు లేదు’ అని చేతులు దులుపుకొన్న పరిశోధకులు నాకు తెలిసినవారిలోనే కలరు.

ఇట్టి యూరిలో, లారీ క్లీనరుగా బ్రదుకు మొదలిడి డ్రైవరైన తండ్రికి పుట్టి, డిగ్రీ ముగించుకొని వచ్చిన యువకుడొకడు ఒక సాయంకాలము మా యరుగుపై కూర్చుండి, “మాస్టారూ, ఇక్కడే ఉండి తత్త్వశాస్త్రం చదవడం అవుతాదేటండీ?” అని అడిగెను. ఆ ప్రశ్నలో నిరాశకంటె లెక్క యెక్కువగా వినబడినది. విశాఖపట్టణమున గది యద్దెయు, భోజనపు ఖర్చును వాడు ముందే కూడి, తండ్రి సంపాదనలోనుండి తీసివేసి చూచుకొని వచ్చియుండెను. మన చిన్న పట్టణముల శాఖాగ్రంథాలయములలో నేమి దొరకునో వానికి తెలియును, నాకును తెలియును: దినపత్రికలు, పోటీపరీక్షల గైడులు, అట్టలూడిన నవలలు, తత్త్వశాస్త్రమను చీటి అంటించిన అఱలో గీతావ్యాఖ్యలును, కోటీశ్వరుడగుట యెట్లో బోధించు పుస్తకములును పొరపొచ్చెములు లేక కాపురముండును. అయితే వాని చేతిలో ఫోనున్నది. ఒక తరము క్రిందట అడయారు గ్రంథాలయమునకో, మదరాసు ప్రాచ్యలిఖితపుస్తకభాండాగారమునకో పోయి, పరిచయపత్రము చూపి, గుమాస్తా దయకొఱకు వేచియుండి చూడవలసిన గ్రంథములు నేడు ఇంటర్నెట్ ఆర్కైవులో, అర్ధరాత్రియైనను, అడిగినవాని యెదుట నిలుచుచున్నవి. లేమి తీరినది. దానివెంట మఱియొక చిక్కు వచ్చినది: వచ్చిన గ్రంథమెవరిదో, ఎచ్చటినుండి వచ్చినదో, ఎవరు సంస్కరించిరో తెలియకుండ కుప్పలుకుప్పలుగా వచ్చిపడుట. వేబిల్లు లేని సరుకును మోయుట యెంత ప్రమాదమో సాలూరు డ్రైవరు కుమారునకు నేను వేఱుగా చెప్పవలసిన పని లేకపోయినది.

అందుచేత వాని ఫోనున నేను మొట్టమొదట తెఱపించినది గ్రంథభాగము కాదు, ముఖపత్రము. గ్రంథము జయంతభట్టుని న్యాయమంజరి. తొమ్మిదవ శతాబ్దాంతమున, శంకరవర్మ కాశ్మీరము నేలుచుండిన కాలమున పుట్టినది. రాజాజ్ఞచే శబ్దమైన వినరాని చోట బంధింపబడి, దినములు గడపుటకై ఈ గ్రంథము వ్రాసితినని గ్రంథకర్తయే చెప్పుకొన్నాడు. ముద్రణము 1895, కాశిలో. సంస్కర్త గంగాధరశాస్త్రి తైలంగుడు. ఇంతవఱకు మావాడు ఊరక చదువుచుండెను. ఆపై గ్రంథమాల పేరు వచ్చినది: విజయనగర సంస్కృత గ్రంథమాల. వాడు తలయెత్తి, “మన విజయనగరమేనా అండీ?” అనెను.

మన విజయనగరమే, మా యూరినుండి సుమారు 60 కిలోమీటర్లు. పూసపాటి ప్రభువులకు కాశిలో భేలూపురమున భవనముండెడిది; ఆ నగరముతో వారికి తీర్థయాత్రను మించిన సంబంధముండెడిది. వారి ధనముతో, కాశీ సంస్కృతకళాశాలాధ్యక్షుడైన ఆర్థర్ వెనిస్ పర్యవేక్షణమున, అచ్చటి పండితుల చేతులమీదుగా వెలువడినది ఈ గ్రంథమాల. 1890లో అప్పయ్యదీక్షితుల సిద్ధాంతలేశసంగ్రహము, మఱుసటియేట పద్మపాదుని పంచపాదిక, ఆ పైయేట దానిపై ప్రకాశాత్ముని వివరణము, ఇట్లొకదానివెంట నొకటిగా అద్వైతమును న్యాయమును చదువదలచు ప్రపంచమంతయు చేయిచాచి అందుకొనవలసిన మూలములు బయటికి వచ్చినవి. ఆ సంవత్సరములలోనే, 1890కిని 1892కిని నడుమ, సాయణభాష్యసహితమైన ఋగ్వేదమును మాక్స్ ముల్లరు రెండవమాఱు ముద్రించుటకు ధనమిచ్చినవాడును ఆ ప్రభువులలో నొకడైన ఆనందగజపతియే. మన సాహిత్యచరిత్రలలో ఈ ప్రభువు గురజాడవారి పోషకుడుగా తఱచు కానవచ్చును. పంచపాదికకును, న్యాయమంజరికిని ముద్రాయోగము కల్పించినవాడుగా అరుదుగా కానవచ్చును. ఆ ధనము జమీందారుని చేతికి ఆకాశమునుండి రాలినది కాదనియు, ఈ సీమ రైతులు చెల్లించిన శిస్తే కాశిలో సీసపు టక్షరములైనదనియు జ్ఞాపకముంచుకొనుట న్యాయము. అట్లు చూచినచో, ఈ గ్రంథముపై ఈ సీమ పిల్లవానికున్నంత హక్కు మఱియెవరికి కలదు? ఈ మాట వానితో అంటిని. వాడు సంతోషించెను, కాని వెంటనే, “హక్కు సరేనండీ, ఇది సంస్కృతం కదా” అనెను. సంస్కృతము నేర్చుకొనవలెనని చెప్పితిని. దానికి దగ్గఱిదారి లేదు. తర్కసంగ్రహము వ్రాసిన అన్నంభట్టు మనవాడే కాబట్టి అచ్చట మొదలిడుట సుఖము.

న్యాయమంజరినే యేల యెన్నుకొంటినో చెప్పవలెను. చార్వాకుల మూలసూత్రములు మనకు నిలువలేదు. బృహస్పతి పేర చెప్పబడు ఆ శాస్త్రమేమి పలికినదో తెలిసికొనవలెనన్న దానిని తెగడినవారి యింటికే పోవలెను. అందు జయంతుని యిల్లు మిక్కిలి విశాలమైనది. ఆయన చార్వాకుని పరిహసించును, కాని అందఱినొక్క గాటను కట్టడు. ధూర్తచార్వాకుడు వేఱు, సుశిక్షితచార్వాకుడు వేఱు అని విభజించి, రెండవవాని వాదమును వాడే వచ్చి చెప్పినను ఇంతకంటె బాగుగ చెప్పలేడనునంత పుష్టిగా నిలబెట్టి, ఆ పిమ్మటనే ఖండనమునకు దిగును. ప్రత్యర్థిని దుర్బలుని చేసి గెలుచుట మన తార్కికులలో ఉత్తములకు అవమానకరము. ఈ మర్యాదవలన వారెఱుగకయే మనకొక మహోపకారము చేసిరి: ప్రతి శాస్త్రగ్రంథమును తనకు ముందున్న గ్రంథములకొక పట్టికయై కూర్చున్నది. ఒక పూర్వపక్షము, అనగా ప్రతివాది వాదము, వచ్చినప్పుడెల్ల, ఇది యెవని మాట, ఆ మాట వాని గ్రంథమున నెచ్చట నున్నది, ఆ గ్రంథము మిగిలినదా యని అడుగుచు పోవువానికి, ఒక గ్రంథమునుండి పదింటికిని, పదింటినుండి నూటికిని దారి తనంత తానే తెఱచుకొనును. పుటనొక గీతతో రెండు చేసి, ఒకవైపు వాదమును, మఱియొకవైపు దాని యజమానిని వ్రాసికొమ్మని మావానికి చెప్పితిని. యజమాని తెలియనిచోట ఖాళీ వదలుమంటిని. ఆ ఖాళీలే రేపు వాని పరిశోధనవిషయములగును.

ఇట్టి ఖాళీ యొకటి పూరింపబడిన వృత్తాంతము 1940లో జరిగినది. తత్త్వోపప్లవమను పేరెత్తి ఎవనినో ఖండించుచు జైనతార్కికులు పూర్వమే వ్రాసియుండిరి. ప్రమాణములనన్నిటిని ఒక్కొక్కటిగా పడగొట్టి, ఏ సిద్ధాంతమునకును కాలూనుటకు చోటీయని జయరాశిభట్టుని తత్త్వోపప్లవసింహము ఆ యేట బరోడానుండి అచ్చులో వెలువడినది. దానికాధారమైనది ఒకే తాళపత్రప్రతి. అది దొరకినది గుజరాతమున పాటన్ నగరపు జైనభాండారమున. తమ ఆగమములనే కాదు, ఏ ఆగమమును నిలువనీయని గ్రంథమును కొన్ని వందలయేండ్లు పురుగు తగులకుండ కాపాడినవారు దాని ప్రత్యర్థులు! నాస్తికుని గ్రంథమునకు నాస్తికుల గ్రంథాలయములే శరణ్యమని యెంచి వెదకియుండినచో అది నేటికిని దొరకియుండదు.

నాగార్జునుని కథ యింకను దూరము పోయినది. కృష్ణాతీరముతో ఆయన పేరు ముడిపడియున్నది. కాని ఆయన విగ్రహవ్యావర్తని సంస్కృతమూలము మనదేశమున లోపించి, చీనాభాషలోను భోటభాషలోను అనువాదరూపమున మాత్రమే నిలిచినది. ఇటలీదేశీయుడు తుచ్చి ఆ అనువాదములనుండియే 1929లో దానిని ఆంగ్లమునకు తెచ్చెను. 1936లో రాహుల సాంకృత్యాయనుడు టిబెట్టులోని ఒక విహారమున మూలప్రతినే కనుగొనగా, మఱుసటియేట అది ముద్రితమైనది. ఆ చిన్న గ్రంథపు నిర్మాణమును గమనింపుడు: డెబ్బది శ్లోకములలో మొదటి యిరువది ప్రత్యర్థికే యిచ్చివేసినాడు. సర్వము శూన్యమైనచో ఆ మాటయు శూన్యమే కదా, శూన్యమైన మాట దేనిని కాదనగలదని ప్రత్యర్థి అడుగును. నేటి విద్యార్థి ఎవడైనను మొట్టమొదట అడుగు ప్రశ్న యదియే. తన సిద్ధాంతము తలుపు తీయకముందే దానిపై పడగల రాళ్లనన్నిటిని యింటిముందు పేర్చిపెట్టిన ధైర్యమునకు నేనెప్పుడును ఆశ్చర్యపడుచునే యుందును.

ఇక పట్టికలు, కోశములు. వీనినిగూర్చి ఎక్కువ వ్రాయుట విసుగు, తక్కువ వ్రాయుట ద్రోహము. సంస్కృతగ్రంథమేది యెచ్చట నున్నదో తెలుపుటకు ఆఫ్రెక్ట్ అను జర్మనుపండితుడు 1891 మొదలు 1903 వఱకు మూడు భాగములుగా ప్రకటించిన సూచికల సూచికయు, దానిని విస్తరింపదలచి మదరాసు విశ్వవిద్యాలయము 1935లో తలపెట్టిన నూతనసూచికయు మూలస్తంభములు. భారతీయదర్శనములకు కార్ల్ పాటర్ కూర్చిన గ్రంథపట్టిక, పాశ్చాత్యతత్త్వమునకు 1995 నుండి స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయము ఉచితముగా నడుపుచున్న విజ్ఞానకోశము. ఈ రెండవదానిలో వ్యాసముకంటె వ్యాసాంతమందలి గ్రంథావళిని ముందు చదువవలెను. విశ్వవిద్యాలయములకు సమర్పింపబడిన సిద్ధాంతవ్యాసములు శోధగంగలో దొరకును, అందు గంగ యెంతయో, బురద యెంతయో చదువరియే తేల్చుకొనవలెను. భారతీయ డిజిటల్ గ్రంథాలయమను పేర ఈ శతాబ్దారంభమున లక్షలకొలది పుస్తకములకు ఛాయలు తీసినవారు మనకు చేసిన మేలు కొలువరానిది. కాని గ్రంథముల పేర్లను ఆంగ్లలిపిలో ఎక్కించినవారు ఎవరో కాని, ఒకే పుస్తకమునకు ఐదు వికృతులు కల్పించిరి. దీర్ఘమును హ్రస్వము చేసియు, మహాప్రాణమును తీసివేసియు, నడుమ ఖాళీ పెట్టియు, పెట్టకయు వెదకవలెను. అక్షరదోషములనూహింపగల నేర్పుకూడ పరిశోధనలో భాగమైనది.

ఆంధ్రవిశ్వవిద్యాలయమును మఱచి దూరదేశములను పొగడుట నా యుద్దేశము కాదు. 1931 నుండి 1936 వఱకు రాధాకృష్ణపండితుడు ఉపాధ్యక్షుడుగా నుండిన చోటది; పి. టి. రాజు, కొత్త సచ్చిదానందమూర్తి అచ్చట బోధించినవారు. శ్రుతిప్రామాణ్యమును యుక్తితో ఎదుర్కొని శాంకరాద్వైతమును పరీక్షించిన సచ్చిదానందమూర్తిగారి గ్రంథము 1959లో వెలువడినది. భక్తితో ఊపిన తలలు మనకు లెక్కలేనన్ని. పరీక్షించిన తలకై ఆ గ్రంథము చదువదగును.

ఇంతవఱకు చెప్పినదంతయు అచ్చుపడిన సభ. కాని సాలూరున కూర్చున్నవానికి పడమరదిక్కున ఎప్పుడును కొండ కనబడుచుండును. ఆ కొండలలోను, ఉత్తరముగా పార్వతీపురము, సీతంపేటలవైపును సవరలు, జాతాపులు, కొండదొరలు, గదబలు కలరు. వారు మరణమునుగూర్చియు, ఆత్మనుగూర్చియు ఏమి తలంతురో తెలిసికొనుటకు తత్త్వవిద్యార్థి యే అఱ తెఱవవలెను? 1907 నాటి విశాఖపట్టణము గెజటీరును, 1909లో థర్‌స్టన్ ప్రకటించిన ఏడు సంపుటములును తెఱచినచో, వారేమి తినెదరో, ఏమి కట్టెదరో, పెండ్లి యెట్లు చేసికొనెదరో, ఏ దేవతకు ఏమి బలి యిచ్చెదరో ఓపికగా వ్రాయబడియుండును. ఏల అట్లు చేయుదురో వారినే అడిగి, వారి యుక్తిని యుక్తిగా నిలిపిన పుట మాత్రము దుర్లభము. జయంతుడు తాను ద్వేషించిన చార్వాకునకు ఇచ్చిన గౌరవమును, ఈ ఆంగ్లదొరలు తాము ద్వేషింపని సవరకు ఈయలేదు. వాదమున్నదని ఒప్పుకొన్నగదా పూర్వపక్షము!

ఈ లోపమును మొట్టమొదట గుర్తించినవాడు పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడుగా నుండిన గిడుగు రామమూర్తి పంతులు. మనుష్యుని తలంపు తెలియవలెనన్న ముందు వాని మాట తెలియవలెనని నిశ్చయించుకొని, సవరను ఇంటనుంచుకొని ఆ భాష నేర్చుకొని, వారికొఱకు బడులు పెట్టించి, 1931లో సవరభాషావ్యాకరణమును ప్రకటించెను. థర్‌స్టన్ గ్రంథమున సవరలనుగూర్చిన భాగమున నిలువదగినదానిలో పెక్కు ఆయన యిచ్చినదే. ఆయన జీవితమంతయు ఖండించిన గ్రాంథికభాషలో నేనీ వ్యాసము వ్రాయుచుండుట ఆయనకు రుచించెడిది కాదు. నన్నొక పూర్వపక్షిగా సహింపుడని మనవి చేసికొందును.

పిదప 1955లో వెరియర్ ఎల్విన్ సవరల మతమునుగూర్చి పెద్దగ్రంథము వ్రాసెను. తత్త్వశాస్త్రదృష్టితో నాకు మిక్కిలి ముఖ్యమని తోచునది మాత్రము 1993లో పియర్స్ విటెబ్‌స్కీ ప్రకటించిన, మృతులతో సంభాషణములనుగూర్చిన గ్రంథము. ఒడిశావైపు కొండలలోని సవరల నడుమ చిరకాలము నివసించి, వారి భాషలో వారి మాటలు విని వ్రాసినదది. చనిపోయినవాడు సోనుమ్ అగును. ఆవేశమున నున్న స్త్రీ నోట పలుకును. బంధువులు చుట్టును చేరి ఏడ్తురు, తగవులాడుదురు, ఏల పోతివని నిలదీయుదురు. వాడు తాను పోయిన వ్యాధినే బ్రదికియున్నవారికి అంటింపజూచును. వారు వానిని మాటలతో మెల్లమెల్లగా త్రిప్పుకొందురు. ఇట్లు ఏండ్లతరబడి సంభాషణ నడచి, తుదకు వాడు మేలు కోరు పితరుడై, వాని పేరు వంశమున పుట్టిన బిడ్డకు చేరును. సోనుమనగా స్మృతివంటి దని విటెబ్‌స్కీ వివరించెను. తరువాతి తరమువారు క్రైస్తవము స్వీకరించి మృతులతో మాటలాడుట మానిన వృత్తాంతమును 2017లో మఱియొక గ్రంథముగా వ్రాసెను.

న్యాయమంజరి చదివిన కన్నులతో దీనిని చూడుడు. పోయినవాడెవడును తిరిగిరాలేదని చార్వాకుడనును. నిన్న చూచినదానిని నేడు స్మరించు నేనొక్కడనే గనుక, మాఱుచున్న దేహమునకు వేఱుగా నిలిచియున్న ఆత్మ కలదని నైయాయికుడు స్మృతినే సాక్ష్యముగా తెచ్చును. సవర స్మృతిని ఒక్కని లోపల కట్టివేయడు; అది పోయినవానికిని ఉన్నవారికిని నడుమ నిలిచి, ఇరువురను మార్చుచు, గొంతెత్తి మాటలాడును. ఇది మూఢవిశ్వాసమని ఒక్కమాటతో త్రోసివేయువాడు తార్కికుడు కాడు, సోమరి. ఇది మహాజ్ఞానమని చేతులు జోడించువాడును అట్టివాడే. దీనిని ఒక పక్షముగా సభలో నిలుపవలెను, నిలిపి పరీక్షింపవలెను.

అయినను విటెబ్‌స్కీ గ్రంథముకూడ పరాయివాని గ్రంథమే. రాహులుడు విగ్రహవ్యావర్తనిని కనుగొన్న ఆ 1936లోనే, ఒడిశా సవరలలో మంగయి గొమాంగో తన జాతిభాషకు సొరాంగ్ సొంపెంగ్ అను స్వంతలిపి కల్పించెను. లిపి కలదు, వ్యాకరణము కలదు, చదువుకొన్న సవరయువకులు నేడు మా మన్యమున ఎందఱో కలరు. సవరయే సిద్ధాంతియై, మన వేదాంతతర్కములను పూర్వపక్షముగా నిలిపి వ్రాసిన గ్రంథము నా చేతికింకను రాలేదు.

మావాడు ఇప్పుడు జయంతుడు ఎజ్జోని, అనగా సవరల మంత్రవైద్యుని, అడుగదగిన ప్రశ్నలను వ్రాసికొనుచున్నాడు. మృతుని పలుకు ప్రత్యక్షమా, శబ్దప్రమాణమా? శబ్దమైనచో ఆప్తుడెవడు, పోయినవాడా, పలికిన స్త్రీయా? పుట రెండవవైపున, జయంతుని ఎజ్జోడు అడుగదగిన ప్రశ్నలకు చోటు వదలుమంటిని. సీతంపేటవైపు సవరమిత్రుడొకడు వానికి తోడుపడుచున్నాడట. ఆవైపు మొదటి ప్రశ్న చేరినది: చచ్చినవాని కోపము మీ ముక్తిలో ఎచ్చటికి పోవును? న్యాయమంజరిలో అపవర్గప్రకరణము తెఱచి, దీనికి జయంతుడేమనునో మేమిరువురము వెదకుచున్నాము.